తువ్వాలు చూపిన కాలువ

స్వర్ణముఖిలో సీసా ముంచుతుండగా ఏకాంబరం భుజం మీది తెల్ల తువ్వాలు జారి నీళ్లలో పడి, ఆయన కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన గట్టెక్కి, తడిచేతులు చొక్కాకు తుడుచుకుని, ఫారంలో ‘నీటిపై తేలుతున్న వస్తువులు’ అన్న గడిలో ‘తువ్వాలు ఒకటి, నాదే’ అని రాశాడు.

చూసింది చూసినట్టు రాయడం, సీసాల్లో నది నీళ్లు పట్టి తిరుపతి ల్యాబులో ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్లయింది. సీసాలు అంకెలవుతాయి, అంకెలు ఫైళ్లవుతాయి, నది మాత్రం ఏటేటా ఇంకాస్త నల్లబడుతుంది. ఈ మధ్య మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి.

ఈసారి పట్టాల్సినవి రెండే. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు ఉతికే రేవుకు ఎగువన వంతెన కింద ఒకటి, రేవు దిగువన ఒకటి. దిగువ నీళ్లు చెడ్డవని తేలితే తప్పు అద్దకం వాళ్లదే, పై నెల నుంచి రేవు మూత. పారే నీళ్లు లేకుంటే వాళ్ల పని సాగదు.

తువ్వాలు వెతుక్కుంటూ ఆయన వంతెన నుంచి కుంటుతూ దిగివచ్చాడు. రేవు ఇంకా నూరడుగులుందనగా, తుమ్మచెట్ల చాటున ఒక మురుగుకాలువ నదిలో కలిసేచోట అది చిక్కుకుని ఉంది. కర్రతో లాగితే సగం తెలుపు, సగం నలుపు.

రేవులో బట్ట జాడిస్తున్న పీరా సాహెబ్ నవ్వాడు.

“అద్దకం నీక్కూడా వచ్చేసిండాదే అప్పా! మూడు నెల్లుగా నా ఎర్రరంగు గూడా ఇట్లనే నల్లబడతా ఉండాది. సూడు, నీ రెండు సీసాల మధ్యనే గదా ఈ కాలవ? దీని పాపం గూడా నా నెత్తినేనా?”

ఏకాంబరం ఐసుపెట్టె మూత తీశాడు. అందులో అదనపు సీసా ఒకటుంది. కాలువ నీళ్లతోనే దాన్ని మూడుసార్లు కడిగి, నింపి, రేవు దిగువన పట్టాల్సిన సీసా కూడా పట్టి, బస్సెక్కాడు. తువ్వాలు వాసనకు పక్కసీటు తిరుపతి దాకా ఖాళీగానే వచ్చింది.

ల్యాబులో అధికారి గిరిప్రసాద్, ఆయన కొడుకు వయసువాడు, ఫారం చూసి తల పట్టుకున్నాడు.

“ఏందన్నా, తువ్వాలు రాసినావు, పోనీలే. జాబితాలో రెండు చోట్లుంటే మూడో సీసా తెచ్చి నాకెందుకు తలనొప్పి?”

ఏకాంబరం కుర్చీ కోసం చూసి, కనిపించక గోడకానుకున్నాడు.

“అయితే ఆ కాలవ పీరా సాహెబ్ ఇంట్లోనే పుట్టిందని గూడా రాసేయండి సార్.”