మాసికం నాటి వైఫై

మా అమ్మాయి కొత్త ఫోను కొన్న రోజు నుంచీ మా ఇంటి వైఫై పేరు కింద "వీక్ సెక్యూరిటీ" అని హెచ్చరిక రావడం మొదలైంది. అది ఫోను ఆపి చూసింది, రౌటర్ ఆపి చూసింది, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి చూసింది. హెచ్చరిక కదల్లేదు. చివరికి రౌటర్ సెట్టింగుల్లోకి దూరి, ఇల్లంతా పాతకాలపు సెక్యూరిటీ తాళం మీద నడుస్తోందని తేల్చింది. "మమ్మీ, బదల్ దేతీ హూ. దో మినట్ కా కామ్ హై," అంది, రెండు నిమిషాల్లో మార్చేస్తానని. మేం తెలుగులో అడుగుతాం, అది హిందీలో జవాబిస్తుంది. టాటానగర్ సిద్ధగోరాలో పెరిగిన మా పిల్లలంతా అంతే.

ఆ సెట్టింగుల్లోనే, మా వైఫై వాడుకుంటున్న ఫోన్ల మధ్య, మా ఆయన పేరు కనిపించింది. పోయిన మనిషి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. ఆ ఫోను ఎక్కడుందో తెలిసి కూడా నాకు ఒళ్లు జలదరించింది.

ఆయన టాటానగర్‌లో రైల్వే ఉద్యోగి. కొన్ని నెలల కిందట ఉన్నట్టుండి గుండె ఆగి పోయారు. ఆయన పాత ఫోనుని మా అత్తగారు దక్షిణపు గోడకున్న ఫొటో కింద పెట్టి, రోజూ చార్జింగ్ పెడతారు. సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. వైఫై మీద మాత్రం తోటి ఉద్యోగుల గ్రూపు మెసేజీలు వస్తూనే ఉంటాయి. అందులోంచి ఆయన్ని తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. పొద్దున్నే గుడ్‌మార్నింగ్ బొమ్మ వచ్చి అది టింగుమంటే, "లేచినాడు," అంటారు ఆవిడ. సంవత్సరీకం అయ్యేదాకా పోయినవాళ్లు గడప చుట్టూనే తిరుగుతారని ఆవిడ నమ్మకం. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. పైకి నవ్వే ధైర్యం ఎవరికుంది!

అమ్మాయి తాళం మార్చేసింది. హెచ్చరిక పోయింది. కొత్త తాళం అంత పాత ఫోనుకి అందదని ఎవరమూ ఆలోచించలేదు. మర్నాడు అది మూగబోయింది. అమ్మాయి తెరిచి చూస్తే, వైఫైకి కలుస్తున్నానంటుంది, కుదరలేదంటుంది, మళ్లీ కలుస్తున్నానంటుంది. చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

"ఆడికి తలుపేసినారేటి?" అన్నారు అత్తగారు. తిట్టినా బాగుండేది.

"గెస్ట్ నెట్‌వర్క్ బనా దేతీ హూ, నాన్నమ్మా," అంది అమ్మాయి. చుట్టాలొస్తే ఇచ్చే వేరే వైఫై అని నేను అర్థం చెప్పాను. అంతే, ఆవిడ ఇంతెత్తున లేచారు.

"సొంతింట్లో ఆడు చుట్టమేటి?"

బ్యాంకు పనులన్నీ ఫోన్లలోనే, ఇంటిని అలా వదిలేస్తే ఎలా అని బతిమాలాను. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత ఆవిడే దారి చెప్పారు.

"నెలకోపాలి మాసికానికి ఆడిని పిలుత్తన్నాం కదా. ఆ ఒక్కరోజూ పాత తాళమెట్టండి."

అలా నెలనెలా ఆ తిథి నాడు మా వైఫై బలహీనపడేది. ఆదిత్యపూర్ నుంచి మా మరిది వచ్చి పిండం పెట్టి, మేడ మీద కాకులకు వేసి దిగేసరికి, అమ్మాయి తాళం మార్చేది. నెల రోజుల మెసేజీలు ఒక్కసారిగా పడేవి. టింగు టింగుమంటూ ఫోను వణికి గోడకు తగులుకునేది. మరిది విస్తరి ముందు చెయ్యి ఆపేసేవాడు. ఆ చప్పుడున్నంతసేపూ ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది నాకు. ఆగగానే మళ్లీ పోయినట్టుండేది. అయినా ఆ రోజు ఎప్పుడొస్తుందా అని క్యాలెండరు చూసుకునేదాన్ని. మాసికం కోసం ఎదురుచూసే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని సిగ్గేసేది.

సంవత్సరీకం సువర్ణరేఖ నది ఒడ్డున జరిగింది. ఇంటికొచ్చాక మెసేజీలన్నీ పడ్డాయి. చప్పుడు ఆగాక అత్తగారు ఫోనుని కొంగుతో తుడిచి నా చేతికిచ్చారు.

"ఇంక కొత్త తాళమెట్టీండమ్మా. ఆడు పెద్దల్లో కలిసిపోనాడు. పిలవకూడదు."

కొడుకు పోయాడన్న మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. అమ్మాయి సెట్టింగులు తెరిచింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"మీకు మాసికాలయిపోనాయి అత్తా. నాకవ్వలేదు."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. నా చేతిలోంచి ఫోను తీసుకుని మళ్లీ ఫొటో కింద చార్జింగ్‌కి పెట్టారు.