మూడు వందల బోర్డుల కుంకుమ

వరుసగా మూడో ఏడు కూడా వేరుశనగ ఎండిపోయాక, తొంభై తొమ్మిదిలో సుంకమ్మ కంబదూరు వదిలి అనంతపురం వచ్చి మా కంపెనీలో చేరింది. మొగుడు అంతకు ముందే పోయాడు. విత్తనాల్లో పుచ్చులు ఏరి ఏరి పదునెక్కిన చూపు ఆమెది. సోల్డరింగులో సీసం అతుకు సరిగా లేకపోతే మా అందరికన్నా ముందే పట్టేసేది.

కంపెనీ అని పేరే గానీ, అప్పట్లో అది కళ్యాణదుర్గం రోడ్డులో మూతపడిన వేరుశనగ మిల్లు. పన్నెండు మంది ఆడవాళ్లం. బెంగళూరు నుంచి సామాన్లు వస్తే, కరెంటు మీటర్ల లోపలి సర్క్యూట్ బోర్డులకు అతికించి పంపేవాళ్లం.

ఆ ఏడు ఆయుధపూజ నాటికి మొదటి పెద్ద ఆర్డరు, మూడు వందల బోర్డులు, తయారయ్యాయి. మడకకూ కొడవలికీ పెట్టినట్టే మాతో పనిచేసే ఆంజినమ్మ వాళ్లు ప్రతి బోర్డుకూ తడి కుంకుమ పెట్టారు. సుంకమ్మను మాత్రం వాకిలి దగ్గరే ఆపేశారు. మొగుడు లేనిది కదా!

మర్నాడు దసరా. మా యజమాని విష్ణువర్ధన్ సారు పరీక్షిస్తే తడి కుంకుమకు షార్టయి సగం బోర్డులు పనిచేయలేదు.

"సాయంత్రం లారీకి పోకుంటే ఆర్డరు పాయ, మిల్లు మళ్లా మూసుకునేదే. స్పిరిటు పెట్టి తుడవండమ్మా" అన్నాడు సారు.

ఎవరూ కదల్లేదు.

"పండగ పూట కుంకుమ తుడిచేదా సారూ? మా మొగుళ్లు సల్లగా ఉండొద్దా?" అంది ఆంజినమ్మ.

నేను చర్చికి పోయేదాన్ని, నాకు ఆ భయం లేదు. కానీ 'మా కుంకుమ నువ్వు తుడుస్తావా కృపా?' అంటారేమోనని నోరు మెదపలేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఈడికి తెండి. నాది ఎప్పుడో తుడిచినారు. నాకింగేం పోతాది?" అంది సుంకమ్మ.

పళ్ల బ్రష్షు తీసుకుని కూర్చుంది. సాయంత్రానికి మూడు వందలూ తుడిచింది. లారీ వెళ్లింది, ఆర్డరు నిలిచింది.

ఆ తర్వాత కంపెనీ మా కళ్ల ముందే పెరిగింది. రెండు వేల ఆరుకల్లా గుత్తి రోడ్డులో కొత్త ఫ్యాక్టరీ, తెల్ల కోట్లు, నాలుగు వందల మంది. చల్లటి ఏసీలో కూర్చున్నా నాకు ఆ మిల్లు రేకుల వేడీ, సీసం పొగా, అతుకు చెడితే సుంకమ్మ తిట్టే తిట్లే గుర్తొచ్చేవి. ఆ రోజులే బాగుండేవి.

పెద్ద మిషను దిగిన రోజు దానికి మొదటి బొట్టు పెట్టమని సారు కుంకుమ భరిణె సుంకమ్మ చేతికిచ్చాడు. "పెట్టుక్కా" అంది ఆంజినమ్మ కూడా.

సుంకమ్మ భరిణె మూత తీసింది.

"పెడతాలేప్పా. ఈ తూరి తుడిచేదానికి మాత్రం ఇంగెవురినన్నా చూసుకోండి" అంది.

అందరూ నవ్వారు. ఆంజినమ్మ తల దించుకుంది. నేనూ.