చెంబెడు నీళ్లకు కారిపోయిన పేరు

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మందులు కొనుక్కుని ఎల్బీనగర్‌కు ఆటోలో వస్తుంటే, మా కాలనీ మలుపులో మెట్రో స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఒకటి కంటబడింది. మా కళోత్సవాలకు ఇది జూబిలీ సంవత్సరమట. శాలువా కప్పుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ముసలాయన ఫొటో వేసి, దాని కింద ‘మన ఉత్సవాల తొలి పోస్టరు చిత్రకారుడు’ అని రాశారు. ఆటో ఆపమన్నాను. వయసుతో పాటు చల్లారిపోయే కోపాలు కొన్ని ఉంటాయి, ఆవకాయలా ఊరే కోపాలు కొన్ని ఉంటాయి. నాది రెండో రకమని నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో దసరా వెళ్లగానే మా మైదానంలో కళోత్సవాలు జరిగేవి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల పిల్లలు కూచిపూడి ఆడితే మా నల్లగొండ వాళ్లు ఒగ్గుకథ చెప్పించేవారు, ఎవరి ఆట బాగుందని వారం రోజులు వాదించుకునేవారు. గేటు దగ్గర నిలబెట్టే పెద్ద పోస్టరు మాత్రం ఏటా మా మేనమామే వేసేవాడు. కమిటీ వాళ్లు ఇంటికొచ్చి తాంబూలమిచ్చి అడగాలి, ఆయన ఆలోచించి చెబుతాననాలి, మర్నాడు ఒప్పుకోవాలి. ఆలోచించేదేమీ లేదని అందరికీ తెలిసినా ఆ తతంగం మాత్రం తప్పేది కాదు. చట్రానికి గుడ్డ బిగించి, నూనెరంగులతో రోజుల తరబడి వేసిన ఆ బొమ్మకు ఆయన కోరుకున్నదల్లా కింద కుడిమూలన తన పేరు ఉండడమే.

మొదటి ఏడు ఎవరో, ఈ రంగులు రేపు వానకే పోతాయని నవ్వారట. మామయ్యకు రోషం వచ్చి అందరూ చూస్తుండగా చెంబెడు నీళ్లు తెచ్చి పోస్టరు మీద కొట్టాడు. చుక్క రంగు కారలేదు. అప్పటి నుంచి ప్రారంభం నాడు పోస్టరు వేసినవాడే దాని మీద నీళ్లు కొట్టడం, జనం చప్పట్లు చరచడం ఆచారమైపోయింది. పోనుపోను ఆడవాళ్లు ఆ చెంబుకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టేవారు.

మామయ్య దగ్గర కుంచె పట్టడం నేర్చుకునే నేను ఒక బడిలో డ్రాయింగు టీచరునయ్యాను. ఆ బడిని నడిపే పెద్దమనిషే ఉత్సవాల కమిటీకి కార్యదర్శి కూడా. డప్పు కొట్టే మనిషీ, ఆ దెబ్బకు అడుగేసే నాట్యకత్తే ఒకే బొమ్మలో ఉండేలా ఆ ఏడు మామయ్య పోస్టరు పూర్తిచేసి, నిచ్చెన దిగుతూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుని మలక్‌పేట దవాఖానలో పడ్డాడు. ప్రారంభం రోజు పొద్దున్నే కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. దవాఖానకు పోయి పలకరించాడేమో, ఆ కబురు తెచ్చాడేమో అనుకున్నాను.

“మీ మామ ఎట్లాగూ రాడు గద. జర ఆ పేరు కప్పేసి నా పేరు రాయి. పట్నం కెల్లి పెద్దమనిషి ఒస్తుండు, ఎవరేసిన్రంటే నేను ముందుకు పోతా,” అన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, బడిలో పని బాగానే ఉందా అని అడిగాడు. ఆ అడగడంలో ఉన్న బెదిరింపు నాకు తెలియనిది కాదు.

సరేనన్నాను. నూనెరంగు సాయంత్రానికి ఆరదు కనుక పొడిరంగుతో రాస్తానంటే తలూపాడు. అది అబద్ధం కూడా కాదు. జిగురు కలపకపోతే పొడిరంగు నిలవదన్న సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మామయ్య పేరు మీద నీలం పొడి, సుద్ద పొడి ఉత్త నీళ్లలో చిక్కగా కలిపి పట్టించి, ఆరాక దాని మీద పసుపురంగుతో కార్యదర్శి పేరు రాశాను. అంత శ్రద్ధగా నా పేరు కూడా నేనెన్నడూ రాసుకోలేదు. సాయంత్రం నీళ్లు కొట్టాలన్నది ఆయన మరిచిపోలేదు, ఆ గౌరవం కోసమే కదా ఈ దొంగతనమంతా. కానీ ఏటా ఎన్ని నీళ్లు కొట్టినా మామయ్య రంగు చెక్కుచెదరకపోవడం చూసీ చూసీ, నీళ్లంటే భయపడాలని ఆయనకు తోచనే లేదు.

సాయంత్రం కార్యదర్శి పట్టు లాల్చీ చేతులు మడిచి, పట్నం పెద్దమనిషి పక్కన నిలబడి, చెంబు ఎత్తి కొట్టాడు. ముందు నీలం జారింది, వెనకే పసుపు జారింది, ఆయన పేరులోని అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఆయన తెల్లపంచె మీదికి దిగాయి. “అయ్యో, ఇదేంటండీ, సెక్రటరీ గారి పేరు కారిపోతోందీ!” అని కూచిపూడి నేర్పే విజయవాడ టీచరమ్మ కేక పెట్టింది. కడిగిన చోట మామయ్య పేరు తళతళలాడుతూ బయటపడింది. నీళ్లు కొట్టాక చప్పట్లు కొట్టడం ఆచారం కదా, ముందుగా నేనే కొట్టాను. ఆ క్షణంలో ఆయన ముఖం ఎలా ఉందో ఇప్పటికీ తలచుకుని తనివితీరా ఆనందిస్తాను.

మర్నాడు దవాఖానలో చెబితే మామయ్య అంతా విని, “నా పేరైతే కారలే గద, బిడ్డా?” అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత ఆయన నిచ్చెన ఎక్కలేదు. ఏదో వంక పెట్టి నన్ను బడిలోంచి తీసేశారు. పోయిన ఉద్యోగానికి ఒక్కనాడూ చింతించలేదు.

ఆనాడు మైదానంలో నిలబడి చూసినవాళ్లు కొందరు పోయారు, కొందరు ఇళ్లమ్ముకుని వెళ్లిపోయారు. చూసినవాళ్లు లేరన్న ధైర్యంతోనే ఆ కార్యదర్శి ఫ్లెక్సీ మీద శాలువా కప్పుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు తాంబూలాలు లేవు, ఒప్పుకోవడాలు లేవు; పొద్దున చెబితే మధ్యాహ్నానికి ఫ్లెక్సీ వచ్చేస్తుంది, దాని నిండా నాయకుల ముఖాలే తప్ప చేసినవాడి పేరుకు మూలన కూడా చోటుండదు.

ఆటో దిగి, సంచిలోని నీళ్ల సీసా మూత తీసి, ఆయన ముఖం మీద, కింద రాసిన ఆ మాట మీద మొత్తం గుమ్మరించాను. “ఏందమ్మా, గది కడిగితే పోతదా?” అన్నాడు ఆటో అతను. పోలేదు. ఉన్న దుమ్ము కాస్తా పోయి ఆ నవ్వు ఇంకా తెల్లగా మెరిసింది. దొంగ పేరును పట్టివ్వడానికి ఒకప్పుడు చెంబెడు నీళ్లు చాలేవి. ఖాళీ సీసా పట్టుకుని ఇంటికొచ్చాను.