నీడ చుట్టూ ముగ్గు

మామిడి చెట్టు నీడలో నలభై రకాల మొక్కలు పెంచానని ఈ ఊళ్ళో చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు. నలభై కాదు, ఏడు. ఆ ఏడింటిలో నేను నాటినవి నాలుగు, ఆ నాలుగూ చచ్చిపోయాయి. మిగిలిన మూడూ మా ఆవిడ నాటింది.

స్వరాజ్యం వచ్చిన తర్వాతి మాఘంలో నాకు పెళ్ళయింది. మా ఆవిడది బాపులపాడు వైపు. పుట్టింటి పెరట్లో ఏ పూటకాపూట కూరగాయలు కోసుకుని వండుకున్న మనిషి. నూజివీడు దగ్గర మా తోటలో ఇంటికి వచ్చి చూస్తే, వంటింటి వెనక పెరడంతా ఒకే ఒక్క చిన్న రసం మామిడి చెట్టు కమ్మేసి ఉంది. దాని మొదలు చుట్టూ చేతులు చాచి పట్టుకోవాలంటే ఎనిమిది మంది కావాలని మొదటి రోజే చెప్పాను. ఆవిడ నన్ను ఒక పక్క నిలబెట్టి, రెండో పక్క తను నిలబడి చూసింది. ఇద్దరం సరిపోయాం.

పది రోజులు తిరక్కుండానే ఆవిడ మా నాన్నతో, ఈ చెట్టు ఉండగా పెరట్లో కొత్తిమీర కూడా మొలవదు, తోటలో ఇన్ని చెట్లుండగా ఇదొక్కటి కొట్టిస్తే ఏం పోతుందని అంది. నా మాటకి ఏనాడూ తల ఊపని నాన్న కోడలి మాటకి వెంటనే ఊపాడు. నేను ఆ చెట్టు కాయలు తిని పెరిగాను. అది తిన్నాక మరో చెట్టు కాయ నాకు సయించేది కాదు. అదీ కాస్త ఎక్కువ చెప్పాను; మిగతావీ తినేవాణ్ణి, కానీ దీని తర్వాతే. కొట్టించవద్దని బతిమాలాను. దాని కిందే కూరలు పండించి చూపిస్తానని మాటిచ్చాను.

"ఈ కాపు దిగనీ, కార్తీకం దాకా చూస్తా," అన్నాడు నాన్న. "ఆ తర్వాత మళ్ళీ పూత మొదలవుద్ది. పూత చూశాక నాకు చెయ్యి రాదు."

వంగ, మిరప నారు తెచ్చాను. బెండ, గోరుచిక్కుడు గింజలు పెట్టాను. నూతి నీళ్ళు తోడి పోశాను. అవి ఎండ కోసం మెడలు సాచుకుని, సన్నగా పాలిపోయి, నా నడుం దాకా ఎదిగాయి. నడుం కాదు, మోకాలు. పూత లేదు, పిందె లేదు. వైశాఖానికి మిగిలింది ఒకే ఒక్క వంగ మొక్క. నాకు భయం పట్టుకుంది. సంతలో నవనవలాడే వంకాయ ఒకటి కొని తెచ్చి, ఆ మొక్కకి కట్టి, మా ఆవిడని పిలిచి చూపించాను.

ఆవిడ వంగి కోసింది. చేతిలో తిప్పి తిప్పి చూసింది.

"మొక్కకి కాయ బాగానే కాసిందండీ. దారం మటుకు నా కుట్టుపెట్టెలోది."

నాన్నకి చెప్పేస్తుందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆవిడ చెప్పలేదు. మూడో రోజు పొద్దున ముగ్గు డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, చెట్టు నీడ అంచు వెంబడి గీత పోసింది. మధ్యాహ్నం ఒక గీత, సాయంత్రం ఒక గీత. ఇదేంటని అడిగాను.

"మూడు గీతలకీ లోపల ఉన్నదే రోజంతా నీడ. మీరు వంగ నాటింది సరిగ్గా అక్కడే."

అంట్లు తోమే రాయి పక్కన, ఎండ మొహం చూడని చోట, ఎవరూ నాటని చేమ ఒకటి ఏపుగా లేచి ఉంది. నేను రోజూ దాన్ని దాటుకునే వెళ్ళేవాణ్ణి. అది చూసే ఆవిడకి ఆలోచన వచ్చిందట. చుట్టుపక్కల తోటల్లో ఆడవాళ్ళని అడిగి వచ్చి, రోజంతా నీడ ఉన్న చోట కంద, పొద్దుటెండ కాస్త తగిలే చోట పసుపు, నీళ్ళు పారే పక్కన చేమ అని తేల్చింది. గోతులు తవ్వడం నా వంతు. మామిడి వేళ్ళు తెగకుండా, మొదలుకి ఎడంగా తవ్వమంది. కొట్టించబోయే చెట్టు వేళ్ళ మీద ఈవిడకి ఇంత శ్రద్ధ దేనికా అని నాలో చిన్న ఆశ పుట్టింది.

శ్రావణానికి చేమాకులు చేటలంత అయ్యాయి. ఈ మాట మటుకు నిజం.

కార్తీకంలో ఒక పొద్దున రెడ్డిగూడెం నుంచి ఇద్దరు మనుషులు గొడ్డళ్ళతో వచ్చారు. నాన్న మరిచిపోయాడనుకున్నాను, మరవలేదు. చెట్టుకి అడ్డంగా పడి కౌగిలించుకున్నానని తర్వాత అందరికీ చెప్పాను గానీ, నిజానికి నూతి దగ్గర చేద పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. నాన్న వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, కొట్టమంటావా అమ్మా అని కోడల్ని అడిగాడు.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఎలా కొడతారండీ మామయ్యగారూ? ఇంకా దుంపలు ఊరలేదు. నీడ పోతే నా చేమంతా మాడిపోదూ? ముందా మనుషుల్ని పసుపు తొక్కకుండా ఇవతలికి రమ్మనండి."

నాన్న మీసాల్లో నవ్వాడో లేదో తెలియలేదు. వచ్చినవాళ్ళ చేత తోట చివర ఎండుకొమ్మలు కొట్టించాడు. మధ్యాహ్నం వాళ్ళకి చేమాకు పులుసుతో అన్నం పెట్టాం. వెళ్ళబోతూ వాళ్ళలో పెద్దాయన, తన ఇంటి వెనక చింతచెట్టు కింద కూడా ఇది వస్తుందా అని అడిగాడు. బ్రహ్మాండంగా వస్తుందని నేను చెప్పాను. మా ఆవిడ మాత్రం అక్కడ నీడ ఎంతసేపు ఉంటుందో ముందు చూసుకోమని, ఒక చేమ పిలక తవ్వి ఆకులో చుట్టి ఇచ్చింది.