ఎడమ భుజం లేని గంట

మొన్న ఆదివారం మా మనవరాలు లాప్‌టాప్ తెరిచి, "అమ్మమ్మా, ఈ నార్మల్ డిస్ట్రిబ్యూషన్ గంటలాగే ఎందుకుంటుంది?" అని అడిగింది. ఒకప్పుడు స్టాటిస్టిక్స్ చదివి, ఇప్పుడు ఉప్పూకారాల సగటు తప్ప ఇంకేదీ కట్టని నేను ఘనంగా గొంతు సవరించుకున్నాను. ఈలోగా ఎదురుగా కాఫీ తాగుతున్న మా వదిన, అంటే మా మేనమామ కూతురు, "ఆవిణ్ణా అడుగుతున్నావు? కాలేజీలో కొబ్బరికాయలు తూచకుండానే గంట గీసేసిన ఘనురాలమ్మా మీ అమ్మమ్మ" అంది.

అమలాపురంలో మావయ్యగారింట్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. వదినా నేనూ ఒకే బెంచీ. మా మాస్టారు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినాయన. సంభావ్యత చెప్పడానికి కూడా నాణెం ఎగరేసేవారు కాదు. "కళ్లు మూసుకుని ఒక్క కాయ తీస్తే దాని బరువెంతో చెప్పలేవమ్మా. కాయలు తీస్తూ పోతే మాత్రం గుట్ట తన గుట్టు తనే చెప్పేస్తుంది" అనేవారు. మధ్యరకం కాయలెక్కువ, ఎడమకొసన మరీ చిన్నవీ కుడికొసన మరీ పెద్దవీ తక్కువ, గీస్తే గంట. బోర్డు మీద లెక్క రాయడానికి సుద్దముక్క ఎప్పుడూ నా చేతికే ఇచ్చేవారు. నాకున్న ఆస్తి అదే.

ఒకసారి మా ఇద్దరినీ కొబ్బరి కొట్టుకెళ్లి చెరో యాభై కాయలు తూచి రమ్మన్నారు. వదిన తలనొప్పంది. నేనొక్కదాన్నే వెళ్లి, నా యాభై తూచి, చేతులనిండా పీచుతో తిరిగొచ్చాను. మర్నాడు తనూ యాభై అంకెల కాగితం ఇచ్చింది. నా దస్తూరీ బాగుంటుందని రెండూ నేనే మా ఉమ్మడి రికార్డులోకి ఎక్కించి, పేర్లు వేయకుండానే రెండు బొమ్మలూ గీశాను. వదినది గుళ్లో గంటంత గుండ్రంగా వచ్చింది. నాది ఎడమ భుజం విరిగిపోయి, మధ్యలోంచే మొదలైంది. నా కర్మ అనుకున్నాను.

మాస్టారు గుండ్రటి గంట మీద వేలుపెట్టి, "ఆ కొట్లో ఇంత చిన్న కాయలు ఎక్కడ దొరికాయమ్మా? చిన్నవి ముందే ఏరి నూనెకి పంపేసి, మిగతావే కదా గుట్ట పోస్తారు. ఇది ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి గీసిన గంట. ఎవరిది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే వదిన నన్ను చూపించి, "మా వదినదండీ. విరిగింది నాది" అంది.

రెండూ నా దస్తూరీయే. పైగా నేను తినేది వాళ్లింటి అన్నం. తల దించుకున్నాను. మాస్టారు కోప్పడలేదు, చేతిలోని సుద్దముక్క వదినకిచ్చారు. ఆ తరవాత నాకెప్పుడూ ఇవ్వలేదు.

దారిలో వదిన, "నాన్నకి తెలిస్తే నన్ను కాలేజీ మానిపించేస్తారొదినా. నీకేంటి, తెలివైనదానివి, మంచిపేరు మళ్లీ తెచ్చుకుంటావు" అంది. ఎంత సంభావ్యతతోనో చెప్పలేదు.

"నిజమా అమ్మమ్మా?" అంది మనవరాలు. వదిన మొహంలో ఎక్కడైనా తడబాటు ఉందేమోనని వెతికాను. లేదు. ఇన్నేళ్లకి తన కథని తనే నమ్మేసింది.

"యాభై కాయలూ తూచానమ్మా" అన్నాను.

"అందరూ అలాగే అంటారే" అంది వదిన, కప్పు కింద పెడుతూ. మనవరాలు ఫక్కున నవ్వేసింది.

కాలం కూడా కొట్లో కాయలేరే మనిషే కాబోలు. వదిన జ్ఞాపకాల గుట్టలోంచి ఆ చిన్నకాయని ఎప్పుడో తీసేసింది. నా గుట్టలో మాత్రం అలాగే ఉంచింది.