టాంకీ మీద ఉంగరం చప్పుడు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, తూకం వేసి చూపించమనే రకం నేను. కోరుట్లలో మా నాన్న కిరాణా కొట్టులో పెరిగినవాణ్ని. కంటికి కనిపించే సరుకునే సగం నమ్మను, కనిపించనిదాన్ని నమ్ముతానా?

నూనె డబ్బాలు దిగినప్పుడు నాన్న ఒక్కోదాన్నీ వేలి ఉంగరంతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నిండు డబ్బా మొద్దుగా పలుకుతుంది, వెలితిది మోగుతుంది. "డబ్బ మీది రాత చూడకురా, కొట్టి ఇను" అనేవాడు. ఆయన పోయాక ఆ అలవాటు కొట్టులోనే వదిలేసి, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు నడుపుతున్నాను.

షెడ్డు వెనకాల పెద్ద ఇనుప టాంకీ ఉంది. నిప్పంటుకుంటే ఆర్పడానికే ఆ నీళ్లు. టాంకీ ఎప్పుడూ నిండుగా ఉండాలి, పంపు వారం వారం నడిపి చూడాలి. లేకపోతే ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరు. నీటి మట్టం చూపే ముల్లును జగిత్యాలలో గీచి గీచి బేరమాడి తెచ్చాను. ఆ బేరం గురించి చాలా రోజులు గొప్పలు చెప్పుకున్నాను కూడా.

పోయిన ఎండాకాలం ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాల మోత ఆగిన ఆ నిశ్శబ్దంలో, టాంకీ వైపు నుంచి ఇనుము మీద ఉంగరంతో కొట్టిన చప్పుడు వినిపించింది. కాసేపు ఆగి, మళ్లీ.

వెళ్లి చూస్తే ఎవరూ లేరు. ముల్లు 'ఫుల్లు' మీదే ఉంది. ఎందుకో నేనూ వేలు మడిచి కొట్టాను. మోగింది. పైకెక్కి మూత తీస్తే నీళ్లు అడుగున ఉన్నాయి. కింద వాల్వు కారుతోంది, ముల్లేమో పట్టేసింది. వాల్వు బాగుచేయించి ట్యాంకర్లు పిలిపించాను. జీవితంలో మొదటిసారి బేరమాడలేదు.

ఆ వారంలోనే మోటారు దగ్గర రవ్వలు లేచి దూది పొట్టు అంటుకుంది. తలుపు వైపే మంట. లోపల నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు. పంపు వేసి, వాళ్లు బయటపడేదాకా, ఫైరింజను వచ్చేదాకా నీళ్లు కొడుతూనే ఉన్నాం. నీళ్లు సరిపోయాయి.

ఆ బయటపడ్డవాళ్లలో జమీలా ఒకతె. కొత్తగా పనిలో చేరింది. మర్నాడు మసి కడుగుతూ అడిగింది.

"సేటూ, మొన్న కరెంటు పోయినప్పుడు టాంకీ కాడ గా పెద్దమనిషి ఎవరు?"

"ఏ పెద్దమనిషి? ఎట్లున్నడు?"

"తెల్ల బనీను, చెవి మీద పెన్సిలు. టాంకీకి చెవి ఆనిచ్చి ఇంటుండె. మీరు అస్తుంటే పక్కకు జరిగిండు. కొత్త మేస్త్రీ అనుకున్న. మంచిగ చూస్తుండు, పనిల పెట్టుకోండ్రి."

"గాయన జీతం తీసుకోడమ్మా" అని మాత్రం అనగలిగాను.

జమీలా ఎప్పుడూ కోరుట్ల చూడలేదు. షెడ్డులో నాన్న ఫోటో లేదు. ఇంట్లో ఉన్నది స్టూడియోలో కోటుతో దిగింది. అందులో పెన్సిలుండదు, అమ్మ తీయించేసింది.

ఎండకు ఇనుము సాగి చప్పుడు చేస్తుందని మెకానిక్ చెప్పాడు. చప్పుడు వరకు ఒప్పుకుంటాను. ఆ పెన్సిలు దగ్గరే నా బేరం తెగడం లేదు.

ఇప్పుడు రోజూ టాంకీని కొట్టి వింటున్నాను. నాన్న ఉంగరంతో.