మూడువందల పడి

ఆ రోజుల్లో నాకు కోపమొస్తే ఆకలి చచ్చేది, కుళ్లు పుడితే మాత్రం రెండు ముద్దలు ఎక్కువే దిగేవి. ఇరవయ్యో ఏట చిత్తూరులో ఒక నెలపాటు మా పూటకూళ్లామె నన్ను చూసి భయపడిందంటే దానికి కారణం మా కచేరీలో కొత్తగా చేరిన గుమాస్తా. వేలూరు దిక్కునుంచి వచ్చినాడు, ఇంట్లో అరవం, బయట తెలుగు. ఎప్పుడూ ఏదో ఒక పటం గీస్తా ఉంటాడని పటమప్ప అనేవాళ్లం.

అతను రాకముందు కొండ సంగతి ఎవరికి కావాలన్నా నన్నే అడిగేవాళ్లు. నాది తిరుపతి గదా. (నేను కొండకు పోయింది ఒకే ఒకసారి, మూడో ఏట, పుట్టువెంట్రుకలు తీయించడానికి, అదీ డోలీలో అవ్వ ఒళ్లో నిద్రపోతా. ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.) అప్పుడే బస్సులు కొండెక్కడం మొదలుపెట్టినాయి. అందరూ బస్సు బస్సు అంటుంటే పటమప్ప, "కడప దిక్కునుంచి భక్తులు దినాల తరబడి నడిచొచ్చే పాత అడవిదారి ఉండాదప్పా. దాంట్లో మామండూరు నుంచి కొండదాకా మనం నడుద్దాం" అన్నాడు. ఏడుగురం తయారైనాం. ముందు నడిచేది ఎవరో పెద్దగుమాస్తా తేల్చాల. ఇంకెవరు, నేనే అనుకున్నాను. కానీ మధ్యాహ్నం అన్నం గంట కొడితే చాలు, అందరూ ఆ దారికి అతను గీసిన పటం చుట్టూ మూగేవాళ్లు. నా గదిలో నా పక్కన పడుకునే స్నేహితుడు గూడా "పటమప్పకు అంతా తెలుసబ్బా" అంటాడు. ఆ రాత్రి పూటకూళ్లామెను అడిగి ఇంకో రెండు ముద్దలు పెట్టించుకున్నాను.

ఒకరోజు అతను చెయ్యి కడుక్కోను పోయినప్పుడు ఆ పటం కాగితం తీసి చూసినాను. 'మామండూరు దాటినాక మూడువందల పడి. నీళ్లగుంత కాడ రెండువందల పడి' అని రాసుండాది. నా పాణం లేచొచ్చింది. పడి బియ్యం సంపాదించడానికి రేషన్ అంగడి ముందర పొద్దున్నుంచి నిలబడే కాలం అది. ఇతను అడవిలో ఐదువందల పడి బియ్యం దాచిపెట్టినాడు, యాత్ర అనేది ఉత్త సాకు. కాగితం తీసుకొని నేరుగా పెద్దగుమాస్తా దగ్గరికి పోయి, అందరూ వినేటట్టు చెప్పినాను.

పెద్దగుమాస్తా కళ్లద్దాలు సవరించుకొని చదివి, "యాందబ్బా ఇది?" అని పటమప్పను అడిగినాడు.

"మెట్లు సార్" అన్నాడు పటమప్ప. "అరవంలో మెట్టును పడి అంటారు. మా నాయన చెప్తుంటే అట్లే రాసుకున్నాను."

కచేరీ అంతా నవ్వింది. జవాను అయితే గోడకు ఆనుకొని నవ్వినాడు. నవ్వనిది పటమప్ప ఒక్కడే. "తప్పు నాదే. ఈడ పడి అంటే కొలత గదా, ఎవరైనా అట్లే అనుకుంటారు" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం అతనే నా కుర్చీ దగ్గరికొచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టినాడు. "అన్నా, నువ్వే ముందర నడువు. నేను ఇంతవరకు కొండెక్కలేదు. అంతా మా నాయన చెప్పిందే, దారి నాకు తెలవదు" అన్నాడు. నెలరోజులుగా నేను కోరుకున్నది నా చేతికొచ్చింది. కాగితం అతనికే తిరిగిచ్చేసినాను. "మోకాలు నొప్పిగా ఉండాదప్పా, నేను రాలేను" అన్నాను.

వాళ్లు ఆరుగురు పోయినారు. మామండూరులో దారి తెలిసిన ఒక ముసలాయన్ని అడిగి, ఆయన వెనకాల నడిచినారంట. నాకు లడ్డు తెచ్చిచ్చి, "మోకాలు ఎట్లుంది అన్నా?" అని అడిగినాడు పటమప్ప. తగ్గిందని చెప్పి, కూర్చొని మొత్తం లడ్డు తినేసినాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పటం మీద కుళ్లు ఆ నెలలోనే పోయింది. 'దారి నాకు తెలవదు' అని అంత సులువుగా అనేసినాడే, దాని మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు.